ఎండబెట్టిన మడి

రాజమల్లు పొద్దుటి నుంచి గట్టు మీద నాలుగోసారి తిరుగుతున్నాడు. కూర్చుంటే కాళ్లు గుంజుతాయి, నిలబడితే మనసు గుంజుతుంది. అవతల పక్క రైతు కరుణాకర్ వరి మడి నిండా నీళ్లు. ఇవతల, సారంగాపూర్ దగ్గరి ఈ పరిశోధన చెలకలో ఆరు రకాల గోధుమ. ఒక్కో రకానికి రెండు మళ్లు. ఒకదానికి నీళ్లు పెడతారు, నీళ్లు లేకున్నా ఏ రకం పండుతుందో చూడటానికి రెండోదాన్ని ఎండబెడతారు. ఎండబెట్టిన మళ్లకు చుక్క తగలకుండా కాయడమే అతని కూలి పని.

ఇదేం పనిరా దేవుడా! తాత, తండ్రి, తను, అందరూ నీరటులే. చెరువు తూము తీసి ఊరి పొలాలకు నీళ్లు పారించడమే బతుకు. సొంతానికి గుంట భూమి లేదు. ఎంత పారించినా చివరి మళ్లకు నీళ్లందేవి కావు. ఆ చివరి మడి ఎల్లవ్వ ఎండిన వరి కట్ట తెచ్చి అతని వాకిట్లో పడేసిన రోజును ఇప్పటికీ మరువలేదు.

ఎండిన మళ్లలో మొదటి రకం ఆకులు చుట్టుకుపోయాయి. మూడోది కంకి వేసి ఆగిపోయింది. ఐదోది పొట్టిదే, కానీ గింజ నొక్కితే పాలు వచ్చాయి.

"మేడం, గీ ఐదోది బతుకుతది," అన్నాడు సంబరంగా.

శ్రీజ మూడేళ్లుగా ఈ పరీక్ష నడుపుతున్న శాస్త్రవేత్త. "ఇంకో పదిరోజులు ఆగాలె రాజమల్లన్నా. నడుమల తడి తగిలిందనుకో, మూడేండ్ల పని గంగల కలుస్తది."

"తేలితే ఎల్లవ్వకు గీ విత్తనం ఇస్తరా?"

"మొదలు ఆమెకే ఇద్దాం."

ఇక అతనికి నిలకడ లేదు. మధ్యాహ్నం సద్ది కూడా విప్పలేదు. శ్రీజ జగిత్యాల వెళ్లిన కాసేపటికి గట్టు అడుగున మట్టి తడిసి రంగు మారింది. ఎండ్రికాయ బొరక! గట్టును పీత తొలిచిన కంత. వరి నీళ్లు అందులోంచి సన్నగా కారుతూ ఐదో మడి వైపు వస్తున్నాయి. ఇంకా జానెడే ఉంది. పారతో కాలువ కొట్టి పక్కకు మళ్లించాడు. బొరకలో మట్టి కూరాడు. కొట్టుకుపోయింది. మళ్లీ కూరాడు. ఎడమ చెయ్యి లాగింది, ఛాతీ పట్టేసింది, చెమటలు పట్టాయి.

"ఆగవే తల్లీ, ఇయ్యాల రాకు," అని నీళ్లను బతిమిలాడాడు. జన్మంతా రమ్మని మొక్కిన నోటితో ఆ మాట అన్నందుకు సిగ్గేసింది.

సాయంత్రం కూలీలు ఇంటికి పోదామని పిలిస్తే పలకలేదు. గట్టుకు చెంప ఆనించి ఒరిగి ఉన్నాడు. ఊపిరి లేదు. కబురందిన శ్రీజ పరుగున వచ్చింది. ఏడుస్తూనే ఐదో మడిలోంచి పిడికెడు మట్టి తీసి చూసింది. వేళ్ల సందుల్లోంచి దుమ్ము రాలింది.

బొరకలో అతని ఎర్ర తువ్వాల కుక్కి ఉంది. అవతలి కొస వరి నీళ్లలో నానుతోంది. ఇవతలి కొస ఇంకా పొడిగానే ఉంది.