అమ్మ కత్తిరించిన నవ్వు

ఆ కాలేజీ కామెడీని జనం ఇప్పటికీ ఎక్కాల్లా అప్పజెబుతారు. నా కళ్లజోళ్ల దుకాణానికి వచ్చి, ఎదుటి బోర్డు మీది అక్షరాలు చదవమంటే ఆ సినిమా డైలాగులు చదివేవాళ్లున్నారు. నేను పళ్లికిలించి ఊరుకుంటాను. ఆ సినిమాతోనే, మేమంతా బక్కోడని పిలిచే కొత్త కుర్రాడు రాత్రికి రాత్రి హీరో అయిపోయాడు. అందులో వాడి స్నేహితుడిగా నేనూ వేషం వేశాను. మీకు గుర్తుండదు లెండి. తెరమీద మిగిలింది నా భుజమూ సగం చెవీ. మిగతాదంతా ఎడిటింగులో ఎగిరిపోయింది. ఆ ఎడిటర్ మా అమ్మ.

అప్పుడు నాకు పంతొమ్మిదేళ్లు. ఎందుకు తీసేశావని అడిగితే, "నీకిది రాదు నాన్నా. వేరే పని చూసుకో" అంది. పని దగ్గర ఆవిడ మొహమాటపడదని పేరు. అందుకే నమ్మాను. కొన్నాళ్లు అన్నం మీద అలిగి, ఆకలికి లొంగి, కళ్లజోళ్ల పని నేర్చుకున్నాను. నాకు రాదన్న మాట మొదట్లో ముల్లులా గుచ్చుకునేది. రానురాను అదే దిండయింది. దానిమీద తల పెట్టుకుని ఇన్నేళ్లూ హాయిగా నిద్రపోయాను.

ఇప్పుడు ఆ సినిమాను మళ్లీ విడుదల చేస్తున్నారు. తీసేసిన సీన్లు కూడా కలపాలని నిర్మాత కొడుకు సరదా పడి, ఆ పని అమ్మకే అప్పగించాడు. నా సీన్లు పెట్టాలంటే నేను ఒప్పుకోవాలట. ఒకసారి వచ్చి చూసి చెప్పమని అమ్మ ఫోన్ చేసింది. చూసేదేముంది, వద్దని చెప్పడానికే వెళ్లాను. నా కూతురిది ఇప్పుడు కాలేజీ వయసు. స్నేహితుల పక్కన కూర్చుని అది తన తండ్రి దద్దమ్మ వేషాలు చూడటం నాకిష్టం లేదు.

ఎడిటింగ్ గది ఇరుకుగా ఉంది. ఏసీ చలికి అమ్మ శాలువా కప్పుకుంది. పక్కన సౌండ్ చూసే పెద్దాయన ఉన్నాడు. జన్మలో నవ్వెరగని మొహం ఆయనది. నేను నోరు తెరిచేలోపే అమ్మ మీట నొక్కింది.

ప్రిన్సిపాల్ గదిలో ప్రశ్నపత్రం కొట్టేసే సీను. విడుదలైన సినిమాలో బక్కోడొక్కడే బల్ల కింద నక్కుతాడు. ఇందులో పక్కన నేనున్నాను. కుర్చీలో కునుకు తీస్తున్న ప్రిన్సిపాల్ బూటుకాలు నా చేతి మీద పడింది. నేను అరుపు మింగేశాను. ఆయన కాలెత్తగానే చెయ్యి లాక్కుని, బక్కోడి చెయ్యి తెచ్చి ఎంతో మర్యాదగా అక్కడ పెట్టాను.

సౌండాయన పొట్ట పట్టుకున్నాడు. నాకూ నవ్వొచ్చింది. ఎవడో గానీ భలే ఉన్నాడే అనుకున్నాను. అది నేనేనని ఆ తర్వాత గుర్తొచ్చింది. పాపం, బక్కోడూ బాగానే చేశాడు. కానీ వాడి మీదికి చూపు పోవడం లేదు.

అమ్మ తెర చూడటం లేదు. అది ఆవిడ పాత పద్ధతి. ఆఖరి కూర్పుకి ముందు క్యాంటీన్ వాళ్లనీ వాచ్‌మన్‌నీ కూర్చోబెట్టి, తెరకి వీపు పెట్టి, వాళ్ల మొహాలు చూసేది. ఇప్పుడు నా మొహం చూస్తోంది.

"రాదన్నావు" అన్నాను.

సౌండాయన టీ తాగొస్తానని లేచి వెళ్లాడు. అమ్మ మెల్లగా చెప్పుకొచ్చింది. తీసెయ్యమని ఆవిడకెవరూ చెప్పలేదట. అప్పట్లో కూర్పు చూపించిన రోజు క్యాంటీన్ వాళ్లంతా నన్నే చూశారట. కథేమో బక్కోడిది, నేనుంటే వాడు నిలబడడని తనకే తోచిందట. అక్కడిదాకా అది ఆవిడ పని, నేను తప్పుపట్టను. మరి నాతో అన్న మాట సంగతేమిటని అడిగాను.

"మీ నాన్న చిన్న వేషమేస్తే ఎవరో బాగుందన్నారు. ఆ మెప్పు పట్టుకుని పోయేదాకా ఆఫీసుల చుట్టూ తిరిగాడు. రాదంటే నువ్వు మానేస్తావు. బాగా చేశావంటే మానవు. భయమేసిందిరా."

నాకు కోపం వచ్చింది. అమ్మ మీద అంత కోపం ఎప్పుడూ రాలేదు. చేతకానివాణ్నని ఒప్పుకున్నాక బతకడం తేలికే. జుట్టు తెల్లబడ్డాక చేతనయినవాణ్నని తెలిసి ఏం చేసుకోను? పోనీ తిడదామంటే, నా దుకాణం, నా సంసారం అన్నీ ఆ అబద్ధం పెట్టిన భిక్షే.

"పెట్టనా?" అంది అమ్మ. నా సీన్లన్నీ పెడతానని, పేరు కూడా పెద్ద అక్షరాల్లో వేయిస్తానని అంది. ఆవిడ గొంతులో ఆశ తెలుస్తూనే ఉంది. ఇన్నేళ్లు మోసిన బరువు దించుకోవడానికి నేను ఊఁ అంటే చాలు. నా కూతురు పొంగిపోతుందని కూడా తెలుసు.

"వద్దు" అన్నాను.

"ఇంకా సిగ్గెందుకురా? ఎంత బాగున్నావో చూశావుగా."

"ఇవాళ నవ్వింది ఇద్దరమే అమ్మా. సౌండాయన మొహమాటానికి నవ్వాడని సర్దిచెప్పుకుంటాను. రేపు హాలు హాలంతా నవ్విందనుకో, నేను నిన్ను క్షమించలేను."

అమ్మ కుర్చీ ముందుకు జరుపుకుని, నా సీన్లన్నీ రెండోసారి తీసేసింది. ఆ పని అయ్యేదాకా నేను పక్కనే కూర్చున్నాను.