ఎడమపక్క హాస్యం

నేను ఒక పోపులపెట్టెని. ఊరు నరసరావుపేట. కోటేశ్వరి చేతిలో ఉన్నన్నాళ్లూ ఆవాలు, మెంతులు, ఇంగువ మోశాను. ఆమె పోయాక ఆమె భర్త పున్నయ్య మాస్టారు నా గిన్నెలు తీసేసి, లోపల ఒక సర్క్యూట్ బోర్డు బిగించి, పక్కన బెజ్జం చేసి నన్ను హెడ్‌ఫోన్ ఆంప్లిఫయర్‌ని చేశారు. దుఃఖంలో మనుషులు ఏం చేస్తారో ముందుగా చెప్పలేం. వేడెక్కితే నాలోంచి ఇప్పటికీ ఇంగువ వాసన వస్తుంది.

అక్షరాస్యత ఉద్యమం రోజుల్లో ఆ ఇంటివాళ్లు ఊరూరా బుర్రకథ చెప్పారు. నడుమ కథకుడు మాస్టారు. ఆయన కుడిపక్క రాజకీయం చెప్పేది బావమరిది ఏడుకొండలు, ఎడమపక్క హాస్యం కోటేశ్వరి. కథ మారేది కాదు, రాజకీయం అసలే మారేది కాదు. కథ మధ్యలో మాస్టారు అడిగేదానికి ఆమె జవాబు మాత్రం ఏ ఊరికి ఆ ఊరే కొత్తది. అందుకే ఒక్కటీ ఎవరికీ గుర్తులేదు. మిగిలింది ఒక్క క్యాసెట్. అందులో గొంతులు చీమలు నడిచినట్టుంటాయి. వాటిని పెంచి వినిపించడానికే నేను.

తీరా పెడితే ఒక చెవి మూగ. మాస్టారి గొంతు "వేలిముద్రగాళ్ల గతి ఏమిటి?" అని అడుగుతుంది. నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దానికి ఊరంతా పగలబడి నవ్వుతుంది. ఆపైన ఏడుకొండలు ప్రభుత్వ పథకాలు వివరిస్తాడు.

మూగబోయింది తన ఎడమ చెవి కనుక మాస్టారు నా ఎడమ సగం విప్పారు. టంకాలు ఊడదీసి మళ్లీ పెట్టారు. కెపాసిటర్లు మార్చారు. ఐసీ మార్చారు. ఆ సగానికి ఏ జబ్బూ లేదని చెప్పడానికి నాకు నోరు లేదు. ఎవరి గొంతైనా పెంచగలను, నాకంటూ గొంతు లేదు. పెట్టిన ప్రతిసారీ ఊరు ఏమీ లేనిదానికి నవ్వేది. మాస్టారు నవ్వకుండా వినేవారు.

ఒక ఆదివారం ఏడుకొండలు వచ్చాడు.

"ఇంకా నా గొంతే వస్తందా బావా?"

"నీదే. ఆపకుండా."

"ఉన్నన్నాళ్లూ అక్క నన్ను పూర్తిగా ఒక్క మాట చెప్పనిచ్చిందా? ఇప్పుడు చూడు." మాస్టారి తల మీది హెడ్‌ఫోన్ తీయబోయి ఆగాడు. "తిరగేసి పెట్టుకున్నావేంది? ఎల్ ఎడమకి, ఆర్ కుడికి. ఊరంతటి చేతా అక్షరాలు దిద్దించావు, ఈ రెండూ చదవలేదా?"

"చదివా," అన్నారు మాస్టారు. "రికార్డు చేసినవాడు మనకెదురుగా కూర్చున్నాడు. వాడి కుడి, నా ఎడమ. సరిగ్గా పెట్టుకుంటే మీ అక్క ఆ పక్కకి పోతుంది."

ఏడుకొండలు తన రెండు చేతులూ మార్చి మార్చి చూసుకున్నాడు.

"అయితే నీ ఎడమ చెవిలో ఉంది ఆర్. విప్పాల్సింది కుడి సగం గదా బావా."

విప్పారు. హెడ్‌ఫోన్ గుచ్చే సాకెట్లో, పిన్నుకి ఆనాల్సిన కుడి రేకు కింద, ఒక ఆవగింజ ఇరుక్కుని ఉంది. నేను దాచలేదు. రుజువు మాత్రం చూపలేను.

క్యాసెట్ మళ్లీ పెట్టారు. ఒక్క హెడ్‌ఫోన్‌కి రెండు తలలు ఆనించారు.

"వేలిముద్రగాళ్ల గతి ఏమిటి?"

"ఏముందయ్యా, పెన్నయితే ఇంట్లో మరిచిపోతాం. వేలు మరిచిపోలేం గదా," అంది కోటేశ్వరి.

ఊరు నవ్వింది. ఈసారి ఊరితోపాటు వాళ్లిద్దరూ నవ్వారు.

ఆవగింజని మాస్టారు పారేయలేదు. మూత బిగించేముందు దాన్ని నాలోనే వేశారు, ఈసారి ఎడమ సగంలో.

"అంటే ఇక నా గొంతు పోద్దన్నమాట," అన్నాడు ఏడుకొండలు.

ఆ మాటకి జవాబు చెప్పాల్సింది ఎవరో ఇద్దరికీ తెలుసు. కాస్త ఆగారు. నేనూ ఆగాను.