గంట మోగేదాకా

బన్నుల పళ్లెం పొయ్యిలోకి తోసి, మోకాలితో తలుపు మూసి, ఆమె జేబులోంచి చిన్న గడియారం తీసి బిళ్ల తిప్పింది. టిక్కుటిక్కుమంటూ నడిచి, సమయం కాగానే గణగణమనే ఆ వస్తువు వల్లే బేకరీలో అందరూ ఆమెను అలారం అక్క అంటారు.

పిండి పొంగడానికి ఇంత, బిస్కెట్లకు ఇంత, టీ తాగడానికి ఇంత. మొగుడితో పోట్లాడటానికి కూడా గంట పెట్టుకుంటుందని తోటివాళ్లు ఆటపట్టిస్తారు. అందులో పెద్ద అబద్ధమేమీ లేదు. గడియారం నడుస్తుండగా ఎవరు పలకరించినా "మోగాక చెప్పు" అంటుంది. మోచేతుల మీద పళ్లేలు తగిలిన పాత వాతలు, కనుబొమల్లో పిండి. ముఖం మాత్రం ఎప్పుడూ పొయ్యి వైపే.

అంత పద్ధతిగా పనిచేసే మనిషి దొరికితే ఏ యజమాని ఊరుకుంటాడు? ఆమె కష్టపడి మిగుల్చుకున్న కాస్త తీరికలోనూ ఇంకో పని తెచ్చి పడేసేవాడు. తనను నమ్ముకున్నాడని ఆమె మురిసిపోయేది, పిచ్చిది.

కొన్నాళ్లుగా ఎడమ భుజం లాగుతోంది. నాలుగు మెట్లెక్కితే ఆయాసం. ఈ సాయంత్రం భర్త డాక్టరు దగ్గరికి తీసుకెళ్తానన్నాడు. అందుకోసమే పొద్దున పెందలాడే వచ్చి పనులన్నీ ముందుకు జరుపుకుంది.

మధ్యాహ్నం యజమాని గుమ్మంలోంచి తొంగిచూశాడు.

"అక్కా, ఓ ఆఫీసువాళ్లు సాయంత్రానికి కేకులు కావాలన్నారు. సరేననేశాను."

"ఇవాళ నేను తొందరగా వెళ్లాలి సార్."

"నీకు టైము చాలకపోవడమేంటక్కా! ఎలాగోలా సర్దేస్తావు." నవ్వేసి వెళ్లిపోయాడు.

ఆమె భర్తకు ఫోను చేసింది. "రేపు వెళ్దాంలే."

"మొన్నా ఇదే మాటన్నావు."

"ఈసారి ఒట్టు."

కేకుల పిండి కలిపి, పొయ్యిలో పెట్టాక ఆమెకు నడుము నిలవలేదు. "వీటిని కాస్త చూసుకోవే" అని క్రీము రాసే ఆవిడకు అప్పజెప్పి, పిండి బస్తా మీద కూర్చుని గోడకు తల ఆనించింది. గడియారం బిళ్లను చివరిదాకా తిప్పి పక్కనున్న అరమీద పెట్టింది.

తనకోసం ఆమె అంతసేపు పెట్టుకోవడం ఎవరూ ఎరగరు. అందరికీ ముచ్చటేసింది. గరిటెలు చప్పుడు కాకుండా కడిగారు. నుదుటి మీద చెమట చూసి ఒకరు ఫ్యాను అటు తిప్పారు. మనసు ఒప్పక భర్త మళ్లీ ఫోను చేస్తే క్రీము ఆవిడ ఎత్తి గుసగుసగా చెప్పింది.

"అక్క పడుకుందన్నయ్యా. గంట మోగాక చేయిస్తాలే."

గంట మోగింది. మోగి మోగి ఆగిపోయింది. ఆమె లేవలేదు.

ప్రాణం పోయి చాలాసేపయిందన్నాడు డాక్టరు. ముందే లేపి ఉంటే ఏమయ్యేదని అడిగే ధైర్యం ఎవరికీ లేకపోయింది. క్రీము ఆవిడ మాత్రం తలబాదుకుని ఏడ్చింది. కేకులు వేళకే వెళ్లాయి.

మర్నాడు పొయ్యి వెలిగించారు. పక్కనున్న అరమీద గడియారం అలాగే ఉంది. బిళ్ల అంచున, రోజూ ఆమె బొటనవేలు ఆనే చోట, పిండి గట్టిపడి ఉంది.