వేలికి దొరికే నరం

ఏడు దూది ముక్కలు.

స్నేహితురాలి రెండు చేతుల మీదా ప్లాస్టరు కింద అంటుకుని ఉన్నవాటిని సూదక్క మూడుసార్లు లెక్కపెట్టింది. ఏడు పోట్లు. ఒక్కదానికీ నరం దొరకలేదు. కడుపులో రక్తస్రావమై బీపీ పడిపోయింది. నరాలు ముడుచుకుపోయాయి. సెలైన్ ఎక్కించడానికి దారే లేకపోయింది. ఎనిమిదోసారి పొడిచే అవసరం రాలేదు.

ఆ ఆస్పత్రిలో ఎలాంటి చేతిలోనైనా మొదటి పోటుకే నరం పట్టేది ఒక్క మనిషే. అందుకే ఆమెకి సూదక్క అని పేరు. ఆ రోజు ఆమెకి సెలవు. చెల్లెలింట్లో భోజనం చేస్తుంటే ఫోనొచ్చింది. ఎంగిలి చేత్తోనే పరుగెత్తింది. వచ్చేసరికి దుప్పటి ముఖం మీదికి లాగేశారు.

పోయినావిడ కూడా అక్కడి నర్సే. పంతొమ్మిదేళ్ళ స్నేహం. నోరు మూతపడదు కనక అందరూ గలగల అనేవాళ్ళు. "ఆ విద్యేదో నాకూ చెప్పవే" అని గలగల అడగని వారం లేదు. "నీకెందుకే, నేనున్నాగా!" అని సూదక్క నవ్వేసేది. నిజానికి చెప్పబుద్ధి కాలేదు. ప్రతి వార్డు నుంచీ "సూదక్కని పిలవండి!" అన్న కేక, అడ్డమొచ్చిన జూనియర్లని మోచేత్తో తోసుకుంటూ వెళ్ళి ఒక్క పోటుతో పని ముగించడం... ఆ దర్జా ఆమెకి మహా ఇష్టం.

పదకొండో రోజు డ్యూటీకొచ్చింది. షిఫ్టు మారే వేళకి నలుగురు జూనియర్లని డ్రెస్సింగ్ రూంలోకి లాగి తలుపేసింది. కుర్చీలో కూర్చుని చెయ్యి చాపింది.

"పొడవండి."

నలుగురూ ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. "అక్కా, నీకేమైనా పిచ్చా?" అంది అందరిలోకీ చిన్నది.

"ఉంది. కొత్త సూది తీసుకో. రోగి చేతి మీద చేసే తప్పేదో నా చేతి మీద చెయ్యి. ముందు కళ్ళు మూసుకో. కంటితో కాదు, వేలితో వెతుకు. నొక్కి వదిలితే వెనక్కి తన్నాలి. అదీ నరం."

చిన్నది సూది అందుకుని కళ్ళు మూసుకుంది. మొదటి పోటు తప్పింది. రెండోదీ తప్పింది. "అమ్మా తల్లీ, ఇది కుట్టుపని అనుకున్నావా?" అంది సూదక్క పళ్ళ బిగువున. మూడో పోటుకి సూది వెనక గొట్టంలో ఎర్రచుక్క మెరిసింది. ఆ పిల్ల గంతేసింది.

వారానికి సూదక్క రెండు చేతులూ కమిలి నల్లబడ్డాయి. ఎనిమిదో రోజు మేట్రన్ తలుపు తోసుకుని లోపలికొచ్చింది. అట్నుంచి అటే సూపరింటెండెంట్ గది.

"ఏదైనా అయితే బాధ్యత ఎవరిది?" అన్నాడాయన.

"చెయ్యి నాది సార్. ఆస్పత్రిది కాదు."

మేట్రన్ గొంతు తగ్గించింది. "ఇక నేర్పనని రాసిచ్చెయ్. నీ మంచికే చెబుతున్నా. అందరికీ వచ్చేస్తే రేపు నిన్నెవరు పిలుస్తారు?"

"ఎవరూ పిలవకూడదనే కదా మేడం నా గోలంతా!"

సూపరింటెండెంట్ టేబుల్ మీద చరిచాడు. రాసిచ్చేదాకా డ్యూటీ లేదు, ఆస్పత్రి గడప తొక్కడానికి లేదు అన్నాడు.

ఆమె గడప తొక్కలేదు. మర్నాడు షిఫ్టు మారే వేళకి గేటు ఎదురుగా ఉన్న బస్‌స్టాప్ బల్ల మీద కూర్చుంది. సూది లేదు, స్పిరిట్ లేదు. వేలికి అవేవీ అక్కర్లేదు. నలుగురు వచ్చారు. మూడో రోజుకి పదకొండు మందయ్యారు. తెల్ల యూనిఫాంలలో వరసగా కూర్చుని, కళ్ళు మూసుకుని, పక్కవాళ్ళ మోచేతి మడతలు నొక్కుతున్నారు. కూరల సంచీతో నిలబడ్డ ఒక పెద్దాయన "ఏమిటమ్మా, జాతకాలా?" అన్నాడు. "కూర్చోండి బాబాయ్, మీ చెయ్యీ ఇలా ఇవ్వండి" అంది సూదక్క. ముసలి నరాలు పక్కకి ఎలా జారిపోతాయో ఆయన చేతి మీదే చూపించింది.

ఐదో రోజు రోడ్డు దాటుకుని మేట్రన్ వచ్చింది. చేతిలో టైపు చేసిన కాయితం. పిల్లలంతా బిగుసుకుపోయారు.

"సంతకం పెడితే రేపే డ్యూటీ. పెట్టకపోతే ఉద్యోగమే ఉండదంటున్నారు."

సూదక్క కాయితం అందుకోలేదు. "పెట్టను మేడం. ఉద్యోగం తీసేసినా ఈ బల్ల ఇక్కడే ఉంటుంది."

మేట్రన్ చాపిన కాయితం దించింది. "ఆ రోజు... ఆ ఏడింటిలో ఆఖరి మూడు పోట్లూ నావే."

"తెలుసు."

"తెలిసీ ఒక్క మాట అనలేదేం?"

"ఏ ముఖంతో అంటాను? నేర్పని దాన్ని నేను."

మేట్రన్ కాయితాన్ని నాలుగు మడతలు పెట్టి చేతిసంచీలో పడేసింది. "ఆయనకేం చెప్పుకోవాలో నేను చెప్పుకుంటాను. జరుగు." బల్ల మీద కూర్చుని కళ్ళజోడు తీసేసి కళ్ళు మూసుకుంది. సూదక్క చెయ్యి ముందుకు చాపింది. రెండు వేళ్ళు మోచేతి దగ్గర తడబడుతూ ఆగాయి.

"ఇదేనా?"

"అది గట్టిగా ఉంది మేడం, వెనక్కి తన్నట్లేదు. మళ్ళీ."

"ఇది?"

"అది నా ఎముక."

చిన్నది కిసుక్కున నవ్వింది. బస్సొచ్చి ఆగింది. కండక్టర్ రెండుసార్లు ఈల వేశాడు. బల్ల మీంచి ఒక్కరూ లేవలేదు.

"మళ్ళీ" అంది సూదక్క.