ఆకిబ్ ఎత్తిన చెయ్యి

ఆదివారం పొద్దున రుక్సార్ దోసెలు పోసేది. ఆకిబ్ వారానికి సరిపడా చొక్కాలు ఇస్త్రీ చేసుకునేవాడు. పాప ఇద్దరి మధ్యా నేల మీద పాకుతూ ఉండేది. సిడ్నీలో ఆబర్న్ అనే పేటలోని ఆ ఇరుకు ఫ్లాట్‌లో వాళ్ళకి అదే పండగ.

రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లు కూలిపోకుండా చూసే వైటూకే పని మీద ఆకిబ్ కడప నుంచి సిడ్నీ వచ్చాడు. ఆ ఏడాది వచ్చింది. ఏ కంప్యూటరూ కూలిపోలేదు. దాంతో అతన్ని పిలిపించిన కంపెనీకి అతనితో పని లేకుండా పోయింది. రుక్సార్‌కి అప్పుడు నెలలు నిండుతున్నాయి. హాస్పిటల్ ల్యాబ్‌లో పనిచేసి రిటైరైన విద్యావతి ఆంటీ, క్వేకర్స్ హిల్‌లోని తన ఇంటి వెనక గది వాళ్ళకి ఊరికే ఇచ్చింది. నొప్పులొచ్చిన రోజు కారు నడిపింది కూడా ఆవిడే.

ఉద్యోగం ఇప్పించింది మాత్రం అక్కడి పార్టీలో పలుకుబడి ఉన్న యోగానంద్. ఆ వైపు తెలుగువాళ్ళకి ఇల్లు అద్దెకు దొరక్కపోయినా, గరాజ్ కట్టుకోవడానికి పర్మిషన్ ఆగిపోయినా, ఆయన ఒక్క ఫోన్ కొడితే పనైపోయేది. బదులుగా పార్టీలో మెంబరుగా చేరాలి, మీటింగ్‌కి రావాలి, ఆయన చెప్పినప్పుడు చెయ్యెత్తాలి. ఆకిబ్ వేరే ఏరియాలోని ఆబర్న్‌కి మారేటప్పుడు, "పార్టీ లిస్టులో అడ్రస్ మాత్రం మార్చకు బ్రదర్, ఇక్కడి ఓటు పోతుంది, పాతదే ఉండనీ" అన్నాడు. ఆ పాత అడ్రస్ ఆంటీ వాళ్ళిల్లు.

ఆ ఏడాది కౌన్సిల్ సీటుకి పార్టీ తరఫున నిలబడతానని విద్యావతి ఆంటీ ముందుకొచ్చింది. కొత్త ఇళ్ళ వైపు ఆదివారాలు బస్సు నడవదు, అది నడిపించాలని ఆవిడ పట్టుదల. యోగానంద్ మనిషి వేరే ఉన్నాడు. ఇళ్ళు అమ్మిపెట్టే విఠల్.

యోగానంద్ ఫోన్ చేశాడు. "సండే మీటింగ్‌లో క్యాండిడేట్‌ని ఎన్నుకుంటాం. విఠల్‌కి ఎత్తాలి."

"ఆంటీ నిలబడతా ఉంది కదన్నా."

"ఆంటీ చాలా మంచిది బ్రదర్. నీ జాబ్ కూడా మంచిదే కదా!"

హాల్లో విఠల్ పేరు చదివినప్పుడు ఆకిబ్ చెయ్యెత్తాడు. ముందు వరసలో కూర్చున్న విద్యావతి ఒక్కసారి వెనక్కి తిరిగి చూసింది. అతన్ని చూసి మళ్ళీ ముందుకి తిరిగింది. విఠల్ గెలిచాడు. అందరూ చేతులు దించారు. ఆకిబ్ చెయ్యి దిగలేదు.

లాగి చూశాడు. భుజం నొప్పెట్టిందే తప్ప చెయ్యి కదల్లేదు. "కార్లో సీటు వెనక్కి వాల్చుకో, లేకపోతే పైన తగుల్తుంది" అని యోగానంద్ సలహా ఇచ్చి వెళ్ళిపోయాడు. మర్నాడు రైల్లో ఎవరో పెద్దావిడ తలుపు దగ్గర చోటిచ్చి, పై కడ్డీ చూసుకోమంది. ఆఫీసులో మేనేజర్ అతని మౌస్‌ని ఎడమ వైపుకి మార్పించాడు. రుక్సార్ చొక్కాల పక్క కుట్లు విప్పి గుండీలు కుట్టింది. ఎవరూ ఎందుకని అడగలేదు. అడిగితే బాగుండుననిపించేది ఆకిబ్‌కి. నమాజుకి నిలబడినా ఆ ఒక్క చెయ్యి అందరికంటే పైన కనిపించేది. రాను రాను మసీదులో వెనక వరసకి పోయాడు.

ఒక ఆదివారం రుక్సార్ దోసె తిరగేస్తూ అడిగింది. "ఎవురికి ఎత్తినారు?"

"విఠల్‌కి."

ఆమె స్టవ్ ఆపేసింది. మిగిలిన పిండి ఫ్రిజ్‌లో పెట్టి, పాపని ఎత్తుకుని లోపలికి పోయింది.

కొన్నాళ్ళకి దొంగ అడ్రస్‌ల మీద ఎవరో ఫిర్యాదు చేశారు. పార్టీ హెడ్ ఆఫీసు నుంచి ఒక ఆఫీసరమ్మ వచ్చి అదే హాల్లో అందర్నీ కూర్చోబెట్టింది. "ఈ ఏరియాలో ఉండకుండా ఇక్కడి అడ్రస్‌తో చేరినవాళ్ళెవరైనా ఉంటే చెయ్యెత్తండి" అంది.

హాలంతటిలో ఒక్క చెయ్యే పైకి ఉంది.

యోగానంద్ నవ్వాడు. "అది లెక్కలోకి రాదు మేడమ్. అతని చెయ్యి ఎప్పుడూ అంతే."

ఆవిడ సరేనన్నట్టు తలూపి కాగితం తిప్పబోయింది. యోగానంద్ చెప్పింది నిజమే. నోరు మూసుకుని కూర్చుంటే గండం గడిచిపోతుంది. ఆకిబ్ లేచి నిలబడ్డాడు.

"లెక్కలోకి తీసుకోండి. నేను ఆబర్న్‌లో ఉంటాను. ఇక్కడి అడ్రస్ నాది కాదు."

చెయ్యి దిగింది. తిమ్మిరెక్కి, ఎవరిదో చెయ్యి తెచ్చి తగిలించినట్టు పక్కన వేలాడింది.

ఆఫీసరమ్మ కళ్ళజోడు సర్దుకుంది. "ఆ ఎన్నిక మీటింగ్‌కి ముందు మావాళ్ళు ఆ ఇంటికి వచ్చి అడిగారే! ఉంటున్నాడనే చెప్పారే! ఎవరు చెప్పింది?"

ముందు వరసలో విద్యావతి ఆంటీ చెయ్యి మెల్లిగా పైకి లేచింది.

ఆ ఎన్నిక రద్దయింది. విఠల్‌నీ, విద్యావతినీ ఇద్దర్నీ పక్కన పెట్టి, ఆ వీధుల పేర్లు కూడా తెలియని ఎవరికో సీటిచ్చారు. బస్సు ఊసు మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. యోగానంద్ ఫోన్లు మాత్రం ఎప్పట్లాగే మోగాయి. అందులో ఒకటి ఆకిబ్ ఆఫీసుకి వెళ్ళినట్టుంది, వారం తిరక్కుండా ఉద్యోగం పోయింది. చివరికి దూరంగా టూవూంబా అనే ఊళ్ళో, యూనివర్సిటీలో కంప్యూటర్లు చూసే పని దొరికింది. జీతం తక్కువే. రుక్సార్ మాత్రం చాలా రోజుల తర్వాత అతని ముఖంలోకి చూసి, "పోదాం పదండి" అంది.

వెళ్ళే ముందు ఆకిబ్ ఒక్కడే క్వేకర్స్ హిల్ వెళ్ళాడు. విద్యావతి తలుపు తీసి, టీ పెట్టింది.

"నా వల్లే ఆంటీ. అడ్రస్ ఆ రోజే మార్చుకునుంటే మీకీ తలవంపులు..."

"నీ వల్లేం కాదు" అందావిడ. "పార్టీవాళ్ళు వచ్చి అడిగినప్పుడు ఇక్కడ లేడని చెప్పొచ్చు. చెప్పలేదు. నాకే ఓటేస్తావనుకున్నాను మరి."

ఆకిబ్ కప్పు పక్కకి పెట్టాడు.

"వేరే వాళ్ళకి వేస్తావని తెలిసుంటే, ఆ నిమిషమే నిజం చెప్పేసి ఉందును. అదీ నా నిజాయితీ." ఆవిడ కప్పు అతని ముందుకి జరిపింది. "తాగు, చల్లారిపోతుంది."

ఇద్దరూ ఎవరి కప్పులోకి వాళ్ళు చూస్తూ తాగారు.