మూత బిగువు

నేను ఒక షేకర్‌ని. కాక్‌టెయిల్ కలపడానికి పుట్టినదాన్ని. ఇంత గట్టిగా ఎందుకు చెప్పుకుంటున్నానంటే, మూత తీసి వాసన చూసినవాళ్లెవరూ ఈ మాట నమ్మరు.

ఉత్తరాది కార్ఖానాలో స్టీలు రేకుగా ఉన్న నన్ను సాగదీసి, మెరుగుపెట్టి, ఒళ్లు, చిల్లుల మెడ, టోపీలాంటి మూత తయారుచేశారు. పెద్ద హోటల్లో నాట్యమాడతానని కలలు కన్నాను. తీరా కాకినాడ స్టీలు సామాన్ల కొట్లో టిఫిన్ క్యారియర్ల పక్కన నిలబెట్టారు. ఫోనులో వీడియోలు చూసి ముచ్చటపడ్డ శేషఫణి నన్ను కొన్నాడు. స్టీలు సామాను కొంటే పేర్లు కొట్టించడం ఇక్కడి ఆచారం. కొట్టువాడు నా పొట్ట మీద శేషఫణి, వకుళ అని ఆలుమగల పేర్లు చెక్కి మరీ ఇచ్చాడు.

వకుళ నన్ను అటూ ఇటూ తిప్పి చూసింది. "మూత ఇంత బిగువుగా పడే డబ్బా మనింట్లో ఒక్కటీ లేదండీ" అంది. పొగడ్తకి పడిపోయాను. ఏడాదిన్నరపాటు ఇంగువ దట్టించిన చారుపొడిని చెమ్మ తగలకుండా కాపాడాను.

ఇంతలో నా అవసరం పడింది. శేషఫణి అక్క హైమ. ఆమె భర్త త్రినాథరావు మూడేళ్లుగా అలకలో ఉన్నాడు. గృహప్రవేశానికి ఇంటికెళ్లి బొట్టు పెట్టి పిలవాల్సింది పోయి, శేషఫణి ఫోనులో కార్డు పంపాడు. తప్పు తెలిశాక క్షమాపణ కూడా ఫోనులోనే చెప్పాడు. మనుషుల తెలివి అలా ఉంటుంది. అప్పటినుంచి పెళ్లిళ్లలో ఎదురుపడితే బావ "శేషఫణి గారూ, కులాసాయేనా?" అనేవాడు. ఆ 'గారు' చెంపదెబ్బకన్నా గట్టిగా తగిలేది. పాపం హైమ, మూడేళ్లుగా తమ్ముడి గడప తొక్కలేదు.

ఈసారి ఆలుమగలిద్దరూ వెళ్లి, బొట్టు పెట్టి, ఆదివారం భోజనానికి పిలిచారు. "వస్తాను. మళ్లీ ఏ తేడా వచ్చినా నేనూ రాను, హైమా రాదు" అన్నాడట త్రినాథరావు.

బావకి జిన్ ఇష్టం, నేరేడు పళ్లు ఇంకా ఇష్టం. శేషఫణి నన్ను ఖాళీ చేసి, చింతపండుతో, సబ్బుతో తోమి వాసన చూసి తృప్తిపడ్డాడు. జూన్ వానల్లో తడిసి అతని ముక్కు మూడు రోజులుగా పనిచేయడం లేదు.

నేరేడు గుజ్జు, నిమ్మరసం, పంచదార పాకం, ఐసు ముక్కలు, పైన జిన్. మూత బిగించి, చెవి పక్కన పెట్టుకుని ఊపాడు. నాకు ఒళ్లంతా చెమట పట్టింది. జిన్ తగలగానే మెడ చిల్లుల్లో దాగిన ఇంగువ కదిలింది. కనీసం మూత ఊడి అంతా నేలపాలైనా బాగుండునని ఏడ్చాను. నా మూత బిగువు సంగతి మీకు చెప్పాను కదా.

త్రినాథరావు ఒక గుక్క తాగి గ్లాసు కింద పెట్టాడు. వకుళకి వాసన తగిలి ముఖం పాలిపోయింది. హైమ మొగుడి ముఖంలోకే చూస్తోంది.

"శేషఫణి గారూ, ఇందులో ఏం వేశారండి?"

"నేరేడు పళ్లు బావగారూ, నిమ్మకాయ..."

బావ ఇంకో గుక్క తాగాడు. చప్పరించాడు. భుజాలు కదలడం మొదలైంది.

"అన్నీ వేశావు గానీ, పోపు వెయ్యడం మర్చిపోయావురా బామ్మర్దీ!"

మూడేళ్ల తర్వాత ఆ పిలుపు. హైమ నవ్వబోయి ఏడ్చేసింది. శేషఫణి ముక్కు తుడుచుకున్నాడు, జలుబనే చెప్పాడు. నాకూ ఏడుపొచ్చింది. అయితే అప్పటికే తడిసి ఉన్నాను కాబట్టి పరువు దక్కింది.

మర్నాడే వకుళ నన్ను మళ్లీ చారుపొడితో నింపేసింది. హోటలు కల అంతటితో సరి. మొన్న ఆదివారం వంటింట్లో చప్పుడైంది. త్రినాథరావు నా మూత తీసి, గాఢంగా వాసన పీల్చి, "ఒరేయ్ బామ్మర్దీ!" అని కేకేశాడు. ఆ పూట ఆయన్ని బొట్టు పెట్టి కాదు కదా, ఫోనులో కూడా ఎవరూ పిలవలేదు.