నాగరిమల విరామభేరి

గ్రీష్మమధ్యాహ్న మార్తాండుని ప్రచండకిరణములకు నాగరిమల దుర్గపాషాణప్రాకారములు పెనములవలె కాగుచుండెను. శత్రుసేన ముట్టడి విడిచి పోయి తొమ్మిది దినములైనను కోటవాకిటిపై నూనె కొప్పెరల క్రింది మంట మాత్రము చల్లారలేదు. పోరు ముగిసెనని దుర్గపాలకుడు స్వహస్తముతో విరామభేరి మ్రోగించువరకు వాకిటికి వచ్చినవారెల్లరు శత్రువులే యని యచ్చటి తరతరముల కట్టుబాటు. నిన్న మంద వెదకి మరలివచ్చిన తమ గొల్లవాడే తమ బాణమున గూలెను.

భేరి మ్రోగింపవలసిన బొల్లమనాయకుడు శయ్యాగతుడై యుండెను. భుజమున దాకిన బాణపు గాయము చీముపట్టి జ్వరము రేపి యెట్టకేలకు మానెను గాని యటుపిమ్మట వ్రేళ్లును మణికట్లును మోకాళ్లును ఒకదానివెంట నొకటి యెర్రవారి పొంగెను. లోన నింకను విషశేష మున్నదని తలంచిన వైద్యురాలు ప్రోలాంబ తీక్ష్ణకషాయములను మండు లేపములను దినదినము హెచ్చించుచుండెను. వాపును దినదినము హెచ్చుచుండెను.

"లోయనుండి యెవరో వచ్చుచున్నారు! కొప్పెర వంచుటకు సిద్ధము కండు!" అని బురుజుపై కేక వినబడెను.

ప్రోలాంబ నాయకుని పడకటింటి గవాక్షమునుండి చూచెను. ముట్టడికి ముందు మూలికలకై యడవికేగిన స్త్రీలు తలలపై మోపులతో వచ్చుచుండిరి. ముందు నడచునది తన చెల్లెలు కామసాని.

"వారు మనవారు! ఆగుడు!"

"భేరి మ్రోగలేదు తల్లీ! మ్రోగనిదే మాకు మనవారు లేరు" అని కావలివాడు బదులు పలికెను.

ఆమె కొప్పెరను జూచెను. తన చేత పొగలు గ్రక్కు లేపమును జూచెను. "అయ్యో! కంచెయే చేను మేయుచుండగా నేను ఆ కంచెకే నీరు పోయుచుంటిని" అని లేపమును నేల గొట్టి నాయకుని చెంత మోకరిల్లెను.

"నాయకా! మీ మేన విషము లేదు. విషముతో బోరిన మీ బలమే యాయుధము దింపక మీ కీళ్లను గాల్చుచున్నది. దానిని శాంతింపజేయుటకు నెలలు పట్టును. వాకిటి మంటకు క్షణమే గడువు. లెండు!"

"పిడికిలి బిగియదమ్మా!"

"అరచేయి చాలును."

ఆమె భుజ మూతగా నాయకుడు తూలుచు నడచి, పొంగిన యరచేతితో భేరిని మోదెను. బాధచే నరచెను. మరల మోదెను. మూడవ దెబ్బకు వంగుచున్న కొప్పెర నిలిచెను. తలుపులు తెరువబడెను. కామసాని యేమియు నెరుగక నవ్వుచు లోనికి వచ్చెను. ప్రోలాంబ యామెను గట్టిగా కౌగిలించుకొని యేడ్చెను.

పగవానిని గుర్తించుట కావలివానికి మొదటి విద్య. పోరు ముగిసెనని గుర్తించుట కడపటి విద్య. నాయకుని వాపు చల్లని మందులతో మెల్లమెల్లగా దిగెను. గొల్లవానికి మాత్రము ఆ భేరి ఒక్క దినము ఆలస్యముగా మ్రోగెను.